తెల్లచీర ఆదివారం

తెల్లచీర కాకుండా ఇంకేదైనా కట్టుకుని రావాల్సింది, ఆ ముదురు కుంకుమరంగు నేతచీర ఉంది కదా, లేకపోతే డ్యూటీకి కట్టుకునే నీలం చీరైనా, ఏదైతేనేం, కానీ ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే ఆదివారం నాడు ఆడవాళ్ళందరూ ఉతికి ఆరేసిన పంచెల్లా తెల్లగా కూర్చునే చోట తనొక్కతే రంగుచీరతో వచ్చిందంటే ఇక ఆరాధన మీద ఎవరి మనసూ నిలవదు, ఏమ్మా ప్రిస్కిల్లా ఒంట్లో బాగోలేదా, ఏమ్మా ఇవాళ బల్ల తీసుకోవా అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి, పొద్దున్న బాత్రూములో కనిపించిన ఆ మరక గురించి ఎవరికి చెప్పాలి, మరకంటే మరకా కాదు, బొట్టు, రూపాయి బిళ్ళంత కూడా లేదు, కాఫీ డికాషన్ రంగులో ఉంది, ఎర్రగా లేదు, ఎర్రగా లేకపోతే పాతదే, పాతదైతే భయం లేదు, అని తనకు తానే చెప్పుకుని, మెత్తటి పాతగుడ్డ మడతపెట్టుకుని, దాని మీద తెల్లలంగా, దాని మీద తెల్లచీర కట్టుకుని వచ్చి చాప మీద కూర్చుంది, కూర్చున్న దగ్గర్నుంచీ కుడిపక్క పొత్తికడుపులో ఎవరో లోపల్నుంచి గోరుతో గిల్లుతున్నట్టుంది, గిల్లి వదులుతున్నారు, మళ్ళీ గిల్లుతున్నారు, బాసింపట్టు మార్చి కాళ్ళు ఒకపక్కకు పెట్టుకుంటే కొంచెం నయం, కొంచెమే.

పాట మొదలైంది, అటు మగవాళ్ళ వైపు ముందు వరసలో ఆరోన్ డోలక్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, వారమంతా రావులపాలెం అరటి మార్కెట్లో గెలల వేలం దగ్గర గొంతు చించుకునే మనిషి ఆదివారం వచ్చేసరికి నోరు మూసుకుని చేతులతో మాట్లాడతాడు, ఇటు చూడడు, గుళ్ళో ఆడవాళ్ళ వైపు చూడకూడదని చిన్నప్పుడు వాళ్ళమ్మ నెత్తిన మొట్టి మరీ నేర్పింది, ఆ అమ్మే ఇప్పుడు తన పక్కన మోకాలు మోకాలికి తగిలేలా కూర్చుని పాట రాకపోయినా పెదాలు కదుపుతోంది, సూరమ్మ, అత్తమ్మ, ఆమె కళ్ళు పాట మీద లేవు, బల్ల ముందు ఆనించిన అరటిగెల మీద ఉన్నాయి, నిన్న సాయంత్రం ఆరోన్ మార్కెట్లో ఏరి ఏరి తెచ్చిన చక్రకేళి గెల, దాన్ని అరుగు మీద పెట్టి అత్తమ్మ హస్తం హస్తం విడదీసి చూసింది, దేవుడి ముందు పెట్టేదానికి మచ్చ ఉండకూడదు నాన్నా అంది కొడుకుతో, ఒక్క కాయకు నల్లటి చుక్క కనిపిస్తే గోటితో గిల్లి పారేసింది, అది చూస్తూ గుమ్మంలో నిలబడ్డ తనకు అప్పుడే కడుపులో ఏదో కలుక్కుమంది, నిన్ననే, అవును, నొప్పి ఇవాళ మొదలైంది కాదు, నిన్ననే మొదలైంది, కాదు అంతకు ముందే.

ఈ సంఘంలో అదొక ఆనవాయితీ, ఎవరింట్లో కడుపు పండితే ఆ ఇంటివాళ్ళు బల్ల ఆదివారం నాడు ఒక గెలో, ఒక బస్తా వడ్లో తెచ్చి ముందు పెట్టాలి, ఇంట్లో పెద్దావిడ లేచి సాక్ష్యం చెప్పాలి, అయితే ఎవరైనా అయిదో నెల్లోనో ఏడో నెల్లోనో కడుపు కనిపించాక చెప్తారు గానీ రెండో నెల నిండకుండానే గెల మోసుకొచ్చిన ఇల్లు ఇదొక్కటే, అత్తమ్మా మూడో నెల దాటనివ్వండి, మీకు దణ్ణం పెడతాను అని ఎంత బతిమాలింది, దేవుడికి చెప్పుకోడానికి కూడా మూణ్ణెల్లు ఆగాలేంటే, ఆయనకి తెలీదా, అని ఒక్క మాటతో తోసేసింది, దేవుడికి తెలిస్తే పరవాలేదు అత్తమ్మా, ఊరికి తెలియడమే భయం, అని లోపలే అనుకుంది, స్త్రీల సమాజంలో కూర్చున్న ప్రతివాళ్ళూ పెళ్ళయిన దగ్గర్నుంచీ సూరమ్మ మొహాన ఒకటే ప్రశ్న విసురుతున్నారు కదా, ఏమైనా విశేషమా, ఏమైనా విశేషమా అని, వాళ్ళ నోళ్ళు మూయించాలని ముసలావిడ ఉబలాటం, తప్పేముంది, మనవడి కోసం కళ్ళు కాయలు కాసిన మనిషి, తప్పేమీ లేదు, తప్పంతా ఈ ఒంటిది.

ఊళ్ళో అందరికీ తను సిస్టరమ్మ, విలేజ్ క్లినిక్‌లో ఏఎన్ఎమ్ నర్సు, బుధవారం వస్తే వరండాలో కుర్చీలు వేసి కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని కూర్చోబెట్టి చెప్తుంది, నిద్రలో లేపి అడిగినా చెప్తుంది, మొదటి మూడు నెలలూ జాగ్రత్తమ్మా, ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకూడదు, పొద్దున్న లేవగానే వికారంగా ఉంటే మంచం దిగకముందే రెండు బిస్కెట్లో గుప్పెడు మరమరాలో నమిలి అప్పుడు దిగండి, ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెం తినండి, కడుపు ఖాళీగా ఉంచొద్దు, నీళ్ళు బాగా తాగండి, మెడికల్ షాపుకెళ్ళి నొప్పి బిళ్ళలు మీ అంతట మీరు మింగొద్దు, నిద్ర వస్తే పడుకోండి, బద్ధకం కాదది, ఒళ్ళు లోపల పని చేస్తోంది, కుంకుమపువ్వుకి బిడ్డ తెల్లగా పుట్టదమ్మా, దానికి పెట్టే డబ్బుతో గుడ్లు తినండి, ఇవన్నీ నవ్విస్తూ చెప్పి, ఆఖర్న నవ్వు తీసి పక్కన పెట్టి, ఇప్పుడు చెప్పేది మాత్రం చెవినబెట్టండి అని, ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఒక పక్కనే నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా ఎవరి పర్మిషన్ కోసమూ చూడకుండా నాకు ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రయినా సరే, అంటుంది, అంటూనే ఉంది, మొన్న బుధవారం కూడా అంది, అంటున్నప్పుడే కుడిపక్క గిల్లింది, మాట ఆగిపోతే పిల్లలు చూస్తారని దగ్గు వచ్చినట్టు నటించి మంచినీళ్ళు తాగింది.

ఫ్యాన్ గాలి ఇటు రావడం లేదు, గెల వాసన వస్తోంది, పండిన వాసన, తియ్యగా, వెగటుగా, నిన్నటిదాకా ఈ వాసనకి వాంతి వచ్చేది, ఇవాళ రావడం లేదు, ఎందుకు రావడం లేదు, వికారం తగ్గితే మంచిదా చెడ్డదా, ఒక్కోసారి మామూలుగానే తగ్గుద్దమ్మా కంగారు పడొద్దు అని ఎవరికో చెప్పింది, ఎవరికి, శ్రీసత్యకి, రొయ్యల చెరువులున్న పాపారాజు గారి కోడలు శ్రీసత్యకి, అబ్బ ఆ పిల్ల ఫోన్లు, సిస్టర్ గారండీ రాత్రి పనసతొన తిన్నానండి ఏమన్నా అవుద్దా అండి, సిస్టర్ గారండీ తుమ్మితే కడుపు లాగిందండి, సిస్టర్ గారండీ మా ఆయన బండి మీద ఎక్కించుకుని గతుకులో దింపారండి తిట్టండి ఆయన్ని, పక్కనుంచి ఆ మొగుడు నవ్వడం, ఒకసారి విసుక్కోబోయి, లేదులే, నువ్వు అడుగుతూనే ఉండమ్మా, అడిగినందుకు ఎవరికీ ఏం కాదు, అడక్కుండా కూర్చుంటేనే ప్రమాదం అంది, సిగ్గులేని పిల్ల, దేవుడు ఆ పిల్లకి సిగ్గు పెట్టకుండా ఎంత మేలు చేశాడు, తనకి మాత్రం చిన్నప్పుడే అమ్మ నూరిపోసింది, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుద్దే, ఎవరికీ చెప్పుకోకు, నవ్విపోతారు, అని.

మెడ వెనక చెమట, చల్లగా ఉంది, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదా, అందుకే నీరసం, బల్ల దగ్గరికి ఖాళీ కడుపుతో రావాలని ఎవరూ చట్టం పెట్టలేదు, అలవాటు, అంతే, పొద్దున్న అత్తమ్మే రెండు ఇడ్లీలు ప్లేట్లో పెట్టి వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది, తినవే, వట్టి మనిషివి కాదు, దేవుడేం అనుకోడు, ఆయనకీ తల్లి ఉంది అంది, వద్దండి అత్తమ్మా ఈ ఒక్కపూట ఉంటాను అని తనే మొండికేసింది, అప్పటికే ఆ బొట్టు చూసేసింది మరి, చూశాక ముద్ద ఎలా దిగుద్ది, ఉపవాసం ఉంటాను, ఇది నిలబెట్టు, రాత్రంతా మోకరించమన్నా మోకరిస్తాను, ఇది నిలబెట్టు, అని పైవాడితో బేరం పెట్టుకుంది, వరండాలో ఆడపిల్లలకి కడుపు ఖాళీగా ఉంచొద్దని చెప్పే సిస్టరమ్మ, బాగానే ఉంది, చెప్పేటందుకే శ్రీరంగనీతులన్నట్టు, గుళ్ళో కూర్చుని ఈ సామెత గుర్తొచ్చిందేంటి, నవ్వు రావాలి, రాలేదు, నోరు ఎండిపోతోంది.

మొదటిసారి కడుపొచ్చినప్పుడు ఆ స్కానింగ్ గదిలో ఏసీ ఎక్కువగా ఉంది, కడుపు మీద రాసిన జెల్ మంచుముక్కలా ఉంది, డాక్టరమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి మాట ఆపేసింది, ఆ ఆపడంలోనే తెలిసిపోయింది, తనూ ఆ పనిలో ఉన్నదే కదా, డాక్టర్లు ఎప్పుడు మాట ఆపుతారో తెలుసు, స్క్రీన్ అటు తిప్పేసి, సారీ అమ్మా, గుండె చప్పుడు లేదు, అంది, రెండోసారి గది వేరు, డాక్టరమ్మ వేరు, ఆ ఆపడం మాత్రం అదే, ఇంటికొచ్చి ఇచ్చిన మాత్రలు వేసుకుని బాత్రూములో కూర్చుని, పంపు పూర్తిగా తిప్పేసి, బక్కెట్ నిండి పొర్లిపోతున్నా కట్టకుండా, ఆ నీళ్ళ చప్పుడు కింద మూలిగింది, రెండుసార్లూ అంతే, మీ అమ్మకి చెప్పొద్దు అని ఆరోన్ చేత ఒట్టు వేయించుకుంది, ఎందుకే, మా అమ్మ ఏమంటాది, అన్నాడు పాపం కళ్ళు తుడుచుకుంటూ, ఏమీ అనదు, ఏమీ అనకపోయినా చూస్తుంది, ఆ చూపు భరించలేను, ఊరందరి కడుపులూ కాపాడే సిస్టరమ్మ తన కడుపు నిలుపుకోలేకపోయిందంట అని రేపు వరండాలో కూర్చున్న పిల్లలు గుసగుసలాడుకుంటే నా మాట ఎవరు వింటారు, అంది, అతను తెల్లారి మార్కెట్‌కి వెళ్ళిపోయాడు, తను డ్యూటీకి వెళ్ళిపోయింది, ఆ వారం ముగ్గురికి కాన్పు తేదీలు చెప్పి నవ్వుతూ పంపింది.

అందుకే ఈసారి స్కాన్‌కి వెళ్ళలేదు, అదీ సంగతి, ఎవరికీ చెప్పని సంగతి, స్ట్రిప్ మీద రెండు గీతలు చూసిన రోజు నుంచీ రేపు వెళ్దాం, ఈ వారం డ్యూటీ ఎక్కువ, వచ్చే వారం వెళ్దాం అని జరిపేస్తూ వచ్చింది, ఊళ్ళో ఏ పిల్ల ఇలా జరిపినా చెవి మెలేసి ఆటో ఎక్కించేది, కానీ స్కాన్ చేయించకపోతే ఎవరూ మాట ఆపరు కదా, స్క్రీన్ తిప్పరు కదా, చూడనంతసేపూ లోపల గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, చూస్తేనే ఆగిపోతుంది, ఇదీ తన లెక్క, పిచ్చి లెక్క, పిచ్చిదని తెలుసు, తెలిసినా దాన్నే పట్టుకు వేలాడింది, చదువుకున్న చదువంతా గోదాట్లో కలిపేసింది.

ఈసారి అత్తమ్మకి చెప్పాలని కూడా అనుకోలేదు, పెరట్లో అంట్లగిన్నెల దగ్గర ఉన్నట్టుండి వాంతి వచ్చి వంగిపోతే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నుదురు పట్టుకుంది, గరుకు చెయ్యి, ఏళ్ళ తరబడి ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన చెయ్యి, ఆ చెయ్యి నుదుటి మీద అంత గట్టిగా అంత మెత్తగా ఎలా ఉండగలిగిందో, ఆ క్షణం నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, అత్తమ్మా, నాకు నెల తప్పింది అని, ముసలావిడ ఎగిరి గంతెయ్యలేదు, ప్రభువా అనలేదు, చెంగుతో తన మూతి తుడిచి, చెప్పావా, అంది, అంతే, చెప్పావా, చాల్లే, అని లోపలికెళ్ళి నిమ్మకాయ నీళ్ళు కలుపుకొచ్చింది, ఆ రోజు నుంచి పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, దిష్టి గిష్టి మనకి లేవే, మనం నమ్మం అంటూనే చీకటి పడ్డాక ఉప్పు తిప్పి వీధిలో పారేసి వచ్చింది, పాస్టరయ్యగారికి చెప్పకేం అని నవ్వింది, ఆ నవ్వు చూసి తనకి భయం ఇంకా ఎక్కువైంది, ఇంత సంతోషం కూలిపోతే ఆ చప్పుడు పంపు నీళ్ళతో కప్పడం కుదరదు.

పాట అయిపోయింది, ఎవరో దగ్గుతున్నారు, పాస్టరయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ప్రకటనలు చదువుతున్నారు, గిల్లుడు ఆగింది, హమ్మయ్య, ఆగింది కదా, లేదు, ఆగడం కాదు, అది చెదిరి పొట్టంతా పాకింది, ఒకచోట గిల్లినప్పుడే బాగుంది, ఇప్పుడు బరువుగా కిందికి లాగుతోంది, విరేచనం అవుతుందేమో అన్నట్టు, లేచి బయటికి వెళ్తే బాగుండును, లేవాలంటే కాళ్ళకి నమ్మకం లేదు, గ్యాసేమో, రాత్రి గుత్తివంకాయ కూర, గ్యాసే అయ్యుంటుంది, ఇంతలో కుడి భుజం పీకింది, మెడకీ భుజానికీ మధ్య, సూది గుచ్చినట్టు, వ్యాక్సిన్ పెట్టె, మొన్న వ్యాక్సిన్ పెట్టె మోసింది కదా, ఐసు ప్యాకులు నిండా పెట్టిన పెట్టెని అవతలి లంక దాకా మోసుకెళ్ళింది, ఆ నొప్పి, కానీ పెట్టె ఎప్పుడూ ఎడమ భుజానికి తగిలించుకుంటుంది, ఎడమ భుజానికే, కుడిచేతిలో రిజిస్టర్లు ఉంటాయి కాబట్టి.

ఎడమ భుజానికే.

ట్రైనింగ్‌లో నల్లగా పొడుగ్గా ఉండే డాక్టరమ్మ బోర్డు మీద బొమ్మ గీసింది, గర్భసంచీ, రెండు పక్కలా రెండు ట్యూబులు, ఒక్కోసారి గర్భం సంచీలోకి రాదమ్మా, దారిలోనే ట్యూబులో నిలబడిపోతుంది, అక్కడ పెరగడానికి చోటు లేదు, పెరిగితే ట్యూబు పగులుతుంది, బయట కనిపించేది చుక్కే, నెత్తురంతా లోపలే కారుతుంది, బయటి చుక్కను చూసి మోసపోకండి, కడుపు నెత్తుటితో నిండినప్పుడు పైన భుజం పీకుతుంది, కడుపు చెప్పలేనిది భుజం చెప్తుంది, ఆ మాట విని వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు, తను నవ్వలేదు, తను ఎర్ర ఇంకుతో రాసుకుంది, ఆ బిడ్డ బతుకుతుందా మేడమ్ అని ఎవరో అడిగారు, బతకదు, ఎక్కడా ఎప్పుడూ బతకదు, ఆలస్యం చేస్తే తల్లి కూడా బతకదు, అని చాక్‌పీసు పొడి దులుపుకుని డాక్టరమ్మ బొమ్మ తుడిచేసింది.

ఆ బొమ్మ ఇప్పుడెందుకు, అది వేరేవాళ్ళకి, వందమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చేది, ఇది గ్యాస్, ఇది ఖాళీ కడుపు, ఇది నిద్రలేమి, ప్రభువా ఇది గ్యాసే కదా, ఎదురుగా తెల్లచీరలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయి, పాలు ఒలికినట్టు, చెవుల్లో హోరు, వరద రోజుల్లో ఏటిగట్టు మీద నిలబడితే వినిపించే హోరు, కిందికి చూసుకుంది, చీర మీద ఏమీ లేదు, తెల్లగానే ఉంది, చెయ్యి పెట్టి తడుముకుంది, ఏమీ లేదు, ఎక్కడా మచ్చ లేదు, పొద్దుట్నుంచీ ఏ మరక కోసం భయపడి చచ్చిందో ఆ మరక రాలేదు, రాదు, బయటికి రావాల్సింది లోపలే ఉండిపోతోంది, చీర ఇంత తెల్లగా ఉంటే ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది.

పక్కన కదలిక, అత్తమ్మ తన మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది, సాక్ష్యాల వేళ వచ్చింది, మైకు ఆమె చేతికిచ్చారు, అయిపోయింది, ఇప్పుడు మనవడని చెప్తుంది, దేవుడు నా కోడలి గర్భం తెరిచాడని చెప్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, గెల హస్తాలు కోసి ఇంటింటికీ పంచుతారు, రేపో ఎల్లుండో అది తిన్నవాళ్ళంతా అయ్యో పాపం అంటారు, ఆపాలి, ఎలా ఆపాలి, మైకు కీచుమంది, సూరమ్మ దాన్ని మొహానికి దూరంగా పట్టుకుని, అయ్యగారికీ అమ్మగారికీ సంఘ పెద్దలకీ వందనాలండి అంది, నాకు సాక్ష్యం చెప్పడం రాదండి, చదువుకున్నదాన్ని కాదండి, ఈ గెల ఎందుకు తెచ్చానో మీకు తెలుసండి, నా కోడలు నీళ్ళోసుకుందండి, ఆడవాళ్ళ వైపు గుసగుసలు, చిన్న నవ్వులు, సూరమ్మ ఆగి, రెండో నెల్లోనే ఈ ముసలిదానికి తొందరేంటని అనుకుంటన్నారు, ఆయ్, తొందరేనండి, ఎందుకో చెప్తాను వినండి, ఈ పిల్లకి ఇంతకు ముందు రెండుసార్లు పోయిందండి, మాకు చెప్పలేదండి, అంది.

ఆరోన్ తలెత్తాడు, మొదటిసారి ఇటు చూశాడు, నేను చెప్పలేదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు, అతను చెప్పలేదు, మరి ఎలా, సూరమ్మ ఇంకా చెప్తోంది, ఊళ్ళో పిల్లలందరికీ ధైర్యం చెప్పే పిల్లండి ఇది, తన బాధ మాత్రం పంపు తిప్పి ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చుకుందండి, నేను తలుపవతలే నిలబడ్డానండి, రెండుసార్లూ నిలబడ్డానండి, ఆడదాన్ని, నలుగుర్ని కని ఇద్దర్ని మట్టిలో పెట్టినదాన్ని, నాకు తెలీదేంటండి ఆ ఏడుపేంటో, తలుపు కొడదామని చెయ్యెత్తానండి, కొడితే చిన్నబుచ్చుకుంటాదేమో, అత్తకి తెలిసిపోయిందని ఇంకా ముడుచుకుపోతాదేమో అని దించేశానండి, అప్పట్నుంచీ దేవుణ్ణి ఒకటే అడిగానండి, మనవడ్ని ఇయ్యమని కాదండి, నా కోడలు నాకు తలుపు తియ్యాలి, అని, మొన్న పెరట్లో తనంతట తనే అత్తమ్మా అని చెప్పిందండి, దానికండి ఈ గెల, బిడ్డ సంగతంటారా, ఆయన చిత్తం, ఇస్తే కళ్ళకద్దుకుంటాం, లేపోతే లేదు, ఈసారి నా కోడలు నాకు దాచలేదండి, దానికి వందనాలు చెల్లిస్తన్నానండి.

చప్పట్లు లేవు, ఎవరో ముక్కు చీదారు, ఈసారి దాచలేదు, ఈసారి దాచలేదు అంటోంది ముసలావిడ, మైకు పట్టుకుని, వందమంది ముందు, తను ఆమె కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని దాస్తోంది, పొద్దుట్నుంచీ దాస్తోంది, ఇడ్లీ ప్లేటు ముందు దాచింది, ఆటోలో దాచింది, మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని దాచింది, మళ్ళీ పంపు తిప్పేసింది, ఆ హోరు చెవుల్లోది కాదు, తను తిప్పిన పంపుదే, రెండుసార్లూ ఆ చెయ్యి తలుపుకి ఒక జానెడు దూరం దాకా వచ్చి ఆగిపోయిందట, తనేమో అవతల ఎవరూ లేరనుకుంది, లోకంలో ఎవరూ లేరనుకుంది, ఎంత పొగరు, ఎంత సిగ్గు, దేనికి, ఇప్పుడు ఈ తెల్లచీర కూడా తన తరఫున చెప్పదు, నోరు తెరిచి చెప్తే తప్ప ఎవరికీ తెలియదు, బల్ల అయ్యేదాకా ఆగితే, ప్రార్థన అయ్యేదాకా ఆగితే, అందరూ లేచాక తనొక్కతే లేవదు, అప్పుడు తెలుస్తుంది, అప్పుడు తెలిసి ఏం లాభం.

అత్తమ్మా, అంది, వినపడలేదు, అత్తమ్మా, సూరమ్మ వంగింది, మైకు ఇంకా చేతిలోనే ఉంది, అత్తమ్మా, పొద్దున్న నెత్తురు కనపడింది, మీకు చెప్పలేదు, కడుపులో పగిలింది, లోపలే కారిపోతోంది, ఈ బిడ్డ లేదు అత్తమ్మా, ఈ బిడ్డ రావాల్సిన చోటికి రానేలేదు, నన్ను రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఆపరేషన్ చెయ్యాలి, ఇప్పుడే, ఈ మాటలు గుడంతా వినపడ్డాయి, పైన స్పీకర్లోంచి తన గొంతు తనకే వినపడింది, వణకడం లేదు, అది బుధవారం వరండాలో ఆఖర్న నవ్వు పక్కనపెట్టి చెప్పే గొంతు, డోలక్ ఎక్కడో దొర్లిన చప్పుడు, ఆరోన్ చాపలు తొక్కుకుంటూ ఆడవాళ్ళ మధ్యనుంచి పరిగెత్తుకొస్తున్నాడు, ఎవరో కారు తాళాలు అంటున్నారు, ఎవరో ప్రార్థన చెయ్యండి అంటున్నారు, సూరమ్మ మైకు పారేసింది, తర్వాత చేసుకుందురు గానీ ప్రార్థన, ముందు కాళ్ళు పట్టుకోండి, ఎత్తండి, అని అరిచింది, ఆ గరుకు చెయ్యి వచ్చి నుదుటి మీద పడింది, అదే చెయ్యి, గట్టిగా, మెత్తగా, చెప్పావే, చెప్పావు కదే, అంటోంది, ఏడుస్తూ, గోదారి వంతెన దాటాలి, ఇంకా చాలా దూరం ఉంది, దాటుతారో లేదో తెలియదు, పైకెత్తుతుంటే గెల వాసన ఒక్కసారి గుప్పుమని పోయింది, రెండుసార్లు తను బిడ్డ కోసం ఏడ్చింది, ఈసారీ బిడ్డ కోసమే బొట్టు దాచింది, ఉపవాసం ఉంది, బేరమాడింది, ఆ బేరంలో తన ప్రాణం కూడా ఉందని ఇప్పటిదాకా తోచనే లేదు, ఇక నిలబెట్టమని అడగడానికి లోపల ఎవరూ లేరు, ఉన్నది తనొక్కతే, ఆ ఒక్కతి కోసం భయపడటం ఇదే మొదటిసారి, చావు భయం, ఒంటరి భయం, దాన్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నాకు బతకాలనుంది అత్తమ్మా.